గుసగుస పరీక్షలో నెగ్గిన చెవులు

అల్ షహానియాలో చెవుల్లో హోరని వచ్చేవాళ్ళు చలికాలంలోనే ఎక్కువ. దోహా నుంచి దుఖాన్ రోడ్డు పట్టుకుని పడమటికి వస్తే తగిలే ఈ ఊరు బయటివాళ్ళకు ఒంటెల పందేలతో తెలుసు. ఇక్కడ వైద్యం చేసే మాబోటివాళ్ళకు కార్మికుల క్యాంపులతో తెలుసు. ఎండాకాలమంతా ఆ గదుల్లో ఏసీలు రాత్రీ పగలూ మోగుతూనే ఉంటాయి. డిసెంబరు వచ్చి ఎడారి చల్లబడగానే వాటిని ఆపేస్తారు. అప్పటిదాకా ఆ మోత కింద అణిగి ఉన్న హోరు పైకి తేలుతుంది. "సార్, చెవిలో ఈమధ్యే ఏదో మొదలైంది" అంటారు. పరీక్ష చేస్తే అది ఏళ్ళనాటిదని తేలుతుంది.

అలా వచ్చేవాళ్ళలో మన మాజీ సైనికులు కొందరు. సిపాయిగా చేరినవాడు పదిహేడేళ్ళ సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చేసరికి చాలాసార్లు నలభై కూడా నిండవు. పింఛను వస్తుంది గానీ పిల్లల చదువులు అప్పుడే మొదలవుతాయి. అందుకని సెక్యూరిటీ ఉద్యోగం చూసుకుని గల్ఫ్ విమానం ఎక్కుతారు. ప్రకాశం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల వాళ్ళను ఇక్కడ చూశాను. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరమని పేరుపడ్డ ఊరే ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి మగవాళ్ళు వెళ్ళారు.

ఒక హవల్దారు గారి సంగతి చెబుతాను. ఆర్టిలరీ మనిషి. 1999లో కార్గిల్‌లో బోఫోర్స్ తోపు దగ్గర పనిచేశారు. ఆ యుద్ధంలో మన ఆర్టిలరీ రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు పేల్చింది. ద్రాస్ కొండల మధ్య ఒక్కో పేలుడూ వెళ్ళి ఎదుటి కొండకు తగిలి మళ్ళీ వినపడేదట. చెవుల్లో ఏం పెట్టుకునేవారని అడిగాను. "దూది పెట్టుకునేవాళ్ళం సార్. అదీ గట్టిగా కాదు. ఫైర్ ఆర్డరు వినపడాలి కదా. ఆర్డరు వినపడకపోతే గన్ను దగ్గర మనిషే పోతాడు" అన్నారు. చెవులు కాపాడుకోవాలని ఆయనకు తెలియక కాదు. ఆ పనే చెవులు తెరిచి ఉంచుకోవాల్సిన పని.

140 డెసిబెల్స్ దాటిన పేలుడు ఒక్కసారి తగిలినా లోచెవికి దెబ్బే. తుపాకీ, తోపు రెండూ ఆ గీతకు పైనే మోగుతాయి. పెద్ద శబ్దం వచ్చినప్పుడు మధ్యచెవిలోని చిన్న కండరం బిగుసుకుని కొంత కాపాడుతుంది. కానీ పేలుడు ఆ కండరం కదిలేలోపే లోపలికి వెళ్ళిపోతుంది. కాక్లియాలోని రోమకణాలు చచ్చిపోతాయి, మనిషికి అవి మళ్ళీ మొలవవు. చెవి నుంచి రావాల్సిన సంకేతం తగ్గేసరికి మెదడు దాన్ని పట్టుకోవాలని తన సున్నితత్వాన్ని పెంచుకుంటుంది. ఆ పెంపులో లేని శబ్దం పుడుతుంది. హవల్దారు గారికి అది కీచురాళ్ళ రొదలా వినిపిస్తుంది. ఒక్క క్షణం కూడా ఆగదు.

ఆడియోగ్రామ్ తీయించాను. 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గబుక్కున కిందికి దిగి, 8,000 దగ్గర కొంత పైకి లేచింది. పేలుళ్ళు, యంత్రాల మోత మిగిల్చిన చెవుడు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. మామూలు మాట ఎక్కువగా అంతకంటే కింది స్థాయుల్లో నడుస్తుంది గనక చాలాకాలం మనిషికి లోపం తెలియదు. నలుగురు కలిసి మాట్లాడేటప్పుడు స, ష, త లాంటి అక్షరాలు జారిపోతుంటాయి, అంతే.

ఆయన విరమణ కాగితాల్లో మాత్రం చెవులు నిక్షేపంగా ఉన్నాయని రాసి ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. సైన్యంలో వినికిడిని ఎంతోకాలంగా గుసగుసతో పరీక్షిస్తున్నారు. 610 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి, గుసగుసగా చెప్పిన మాటను తిరిగి చెప్పిస్తారు. 4,000 దగ్గర గుంట పడిన చెవి ఆ పరీక్షలో నెగ్గిపోగలదు. హోరు సంగతి అందులో అసలే రాదు. దానికితోడు సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మనవాళ్ళు చెప్పుకోరు. మెడికల్ కేటగిరీ తగ్గితే ప్రమోషన్ ఆగుతుందని భయం. "నాయక్ నుంచి హవల్దారు కావాల్సిన ఏడాది సార్, ఎవడు చెప్పుకుంటాడు?" అన్నారాయన. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇద్దరు పిల్లలున్న మనిషి లెక్క అది.

మరొకాయన పదాతి దళంలో పనిచేశారు. హోరు ఎడమ చెవిలోనే ఎక్కువ. ఒక వైపే హోరంటే నరం మీద గడ్డ ఉందేమో చూడాలి, అందుకని ఎంఆర్ఐ తీయించాం. ఏమీ లేదు. తర్వాత అడిగాను, రైఫిల్ ఏ భుజానికి ఆనించి కాలుస్తారని. కుడి భుజానికి. అలా ఆనించినప్పుడు కుడి చెవికి తల అడ్డం పడుతుంది, ఎడమ చెవి గొట్టం మూతి వైపు తిరుగుతుంది. రైఫిల్ కాల్చినవాళ్ళలో ఎడమ చెవి ముందు పాడవడం వైద్యులు ఎప్పటినుంచో చూస్తున్నదే. ఈ ఒక్క ప్రశ్నా జవాబూ రిపోర్టులో రాసిపెడితే, రేపు వైకల్యం తేల్చే మెడికల్ బోర్డు ముందు అది ఆయన తరఫున మాట్లాడుతుంది. మందుల చీటీ రాసినంత శ్రద్ధగా వైద్యుడు ఇది కూడా రాయాలని గట్టిగా నమ్ముతాను. హోరును యంత్రంతో కొలిచి చూపలేం. రోగి మాట, దాన్ని పట్టించుకుని రాసిన వైద్యుడి వాక్యం, ఆడియోగ్రామ్ గీత, ఈ మూడే సాక్ష్యం.

వైకల్య పింఛను విషయంలో చట్టం మరీ అంత కఠినంగా ఏమీ లేదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: చేరేటప్పుడు జబ్బున్నట్టు రాసి లేకపోతే, తర్వాత వచ్చినది సర్వీసు వల్ల వచ్చినదేనని అనుకోవాలి, కాదంటే బోర్డే కారణాలు చూపాలి. 2014లో రామ్ అవతార్ తీర్పు వచ్చింది. కాలపరిమితి ముగిసి విరమించినవారికి కూడా వైకల్య శాతాన్ని పై మెట్టుకు సవరించి ఇవ్వాలని, 20 శాతం ఉంటే 50గా లెక్కించాలని అందులో ఉంది. అయితే 20కి తగ్గితే మామూలుగా విరమించినవాళ్ళకు ఆ పింఛను రాదు. హోరుకు విడిగా శాతం పట్టుకోవడం కష్టం గనక చెవుడుతో కలిపి అడగాల్సి వస్తుంది. అమెరికాలో ఇరవై లక్షల మందికి పైగా మాజీ సైనికులకు హోరు ఒక్కదానికే పరిహారం అందుతోంది. ఇచ్చేది పది శాతమే, అయినా దాన్ని విడి వైకల్యంగా ఒప్పుకున్నారు. మన దగ్గర 2023 సెప్టెంబరు తర్వాత విరమించినవాళ్ళకు నియమాలు మారి, వైకల్య భాగం పేరు కూడా మారింది. పాత తీర్పుల కాపీలు పట్టుకుని వచ్చేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది, మీ విరమణ తేదీ చూసుకోండి అని.

మాత్రలు అడుగుతారు. హోరును మాన్పే మాత్ర ఇప్పటికీ లేదు. ఉందని అమ్మేవాళ్ళకు డబ్బు పోయవద్దని చెబుతాను. వినికిడి యంత్రం పెడితే చాలామందికి హోరు వెనక్కి తగ్గుతుంది. గదిని పూర్తి నిశ్శబ్దంగా ఉంచకూడదు, చలికాలంలో కూడా చిన్న ఫ్యాను తిరగనివ్వాలి. హోరును ప్రమాదంగా చూసే మనసును మెల్లగా మళ్ళించే కౌన్సెలింగ్ పనిచేస్తుంది, కానీ తెలుగులో చేసే మనిషి దొరకాలి. రాత్రి డ్యూటీ వాళ్ళకు నిద్ర ముందు సర్దాలి. నిద్ర చెడితే హోరు రెట్టింపవుతుంది.

ఇదే గీత, ఇదే 4,000 దగ్గర గుంట, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక జనరేటర్ ఆపరేటర్ ఆడియోగ్రామ్‌లోనూ చూశాను. తీర్పుల మాట చెబుదామంటే అతనికి వర్తించే తీర్పు ఏదీ లేదు. అతని రిపోర్టు కూడా అంతే వివరంగా రాశాను. ఏ యంత్రం, రోజుకు ఎన్ని గంటలు, చెవులకు రక్షణ ఇచ్చారా లేదా, అన్నీ రాశాను.

హవల్దారు గారు నాసిక్ రోడ్డులోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు దరఖాస్తు పంపారు. అక్కడ కాదంటే అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మనవాళ్ళకు చెన్నై బెంచి. తోడుగా తోపు దగ్గర నిలబడ్డ ఇద్దరి వాంగ్మూలాలు సంపాదించారు. వాళ్ళలో ఒకాయనకూ చెవుల్లో హోరేనట, ఇంతవరకు ఎవరికీ చూపించుకోలేదు. వచ్చే సెలవులో ఆయన్ని మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కు తీసుకెళ్ళి ఆడియోగ్రామ్ తీయిస్తానన్నారు. ఏమేం రాయించుకోవాలో ఒక కాగితం మీద రాసిచ్చాను.