చేతికి తెలిసే మాట

పుల్లలచెరువు నుండి యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే దారి దోర్నాల దాటిన పిమ్మట నల్లమలలో ప్రవేశిస్తుంది. అక్కడి నుండి మలుపు వెంట మలుపు. ఆ ఘాటు రోడ్డుపై ఏళ్ల తరబడి ఆర్.టి.సి. బస్సు నడిపి పదవీ విరమణ చేసిన డ్రైవరు ఒకాయన, మనుమడు కొన్న కొత్త కారును ఒకనాడు నడిపి చూశాడు. స్టీరింగు వేలి కొనతోనే తిరిగింది.

“ఎంత తేలికగా ఉందో చూశావా తాతా!” అన్నాడు మనుమడు.

“తేలికగానే ఉంది నాయనా. కాని బండి నాతో మాట్లాడటం లేదు” అన్నాడాయన.

ఆ మాటలో యంత్రశాస్త్ర సత్యమొకటి ఉన్నది. కారు మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లు నేలను తాకేచోట కొంత మెలితిరుగుతాయి. ఆ మెలికను విడిపించుకొని తిన్నగా నిలవడానికి అవి చేసే ప్రయత్నమే స్టీరింగును నడిమికి లాగుతుంది. మలుపు తీవ్రత పెరిగేకొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. అయితే టైరు పట్టు పరాకాష్ఠకు చేరకముందే లాగుడు తగ్గనారంభిస్తుంది. బరువుగా ఉన్న స్టీరింగు తేలికపడటమంటే, పట్టు తప్పబోతున్నదని టైరు ముందుగా చేసే హెచ్చరిక.

పందెపు కార్లను పట్టు అంచున నడిపేవారికి ఈ హెచ్చరిక ప్రాణప్రదం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల మార్గంపై ఫార్ములా ఈ పందెం జరిగింది. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ విజేత. అటువంటి వీధి మార్గాలలో ఇరువైపులా గోడలే. పొరపాటును దిద్దుకొనే చోటు స్వల్పం.

పూర్వం కార్లలో స్టీరింగుకు తోడ్పడినది నూనె ఒత్తిడి. దానికోసం ఇంజను నిరంతరం ఒక పంపును తిప్పవలసి వచ్చేది. నేడు ఆ పని విద్యుత్ మోటారు అవసరమైనప్పుడే చేస్తుంది. ఇంధనం ఆదా అవుతుంది, గతుకుల అదురు చేతికి తగలదు. కాని అదురును ఆపే జల్లెడ వార్తను కూడా కొంత ఆపుతుంది. 2011లో పోర్షే 911 కారు విద్యుత్ స్టీరింగుకు మారినప్పుడు వేగప్రియులు వాపోయినది ఇందుకే. నేటి నిర్మాతలు సుఖాన్ని నిలుపుకొంటూనే ఆ వార్తను తిరిగి చేతికి అందించడానికి శ్రమిస్తున్నారు.

భారతంలో బాహుకుని రూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణుని రథాన్ని మహావేగంతో విదర్భకు తోలాడు. అతడెరిగిన విద్య పేరు అశ్వహృదయం. పగ్గం గుర్రాన్ని మళ్లించే సాధనమే కాదు. గుర్రపు మనసును సారథికి తెలిపేది కూడా అదే.

కొన్నాళ్లకు తాతామనుమలు శ్రీశైలం బయలుదేరారు. అడవిలో సన్నని వాన మొదలైంది. మనుమడు వేగం తగ్గించలేదు. స్టీరింగులో తేడా ఏదీ అతనికి తెలియలేదు.

“తగ్గించు నాయనా” అన్నాడు తాత.

“బండి బాగానే పోతోంది కదా తాతా!”

“హద్దు ఎక్కడుందో వెతకడానికి పందెపు మైదానాలున్నాయి. ఇది పదిమంది నడిచే దారి. బండి చెప్పనప్పుడు మనమే ముందుగా తెలుసుకోవాలి.”

మనుమడు మలుపుకు ముందే బ్రేకుపై కాలు మోపాడు. మలుపు అవతల తడిసిన రోడ్డుకు అడ్డంగా ఆవులమంద నిలిచి ఉన్నది.