కాలువలు కట్టేవేళ

వసంతం వచ్చిందని చెప్పడానికి మనకు కవులు ఎందరో వున్నారు. వెళ్లిపోతున్నదని చెప్పేవారే తక్కువ. కాళిదాసు ఋతుసంహారాన్ని గ్రీష్మంతో మొదలుపెట్టి వసంతంతో ముగించాడు. అంచేత పక్కపక్కన వుండవలసిన రెండు ఋతువులూ పుస్తకంలో ఆ కొసన ఒకటీ ఈ కొసన ఒకటీ పడ్డాయి. వాటి నడుమ మిగిలినవి అట్టలు మాత్రమే! ఆ అట్టల మధ్య యేం జరుగుతుందో చూడాలనుకునేవారు, చైత్రం వెళ్లి వైశాఖం వచ్చే రోజుల్లో ఒకసారి ధవళేశ్వరం దాటి గోదావరి మధ్యడెల్టాలోకి రావాలి.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు దాని స్థానంలో బారేజీ వుంది. దానిమీదనే బస్సులు పోతాయి. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రగా ఉరకలు వేసే గోదావరి ఈ రోజుల్లో నీలంగా, ఎంతో మర్యాదగా కనబడుతుంది. బారేజీకి దిగువన అయితే నీటికంటె ఇసుకే ఎక్కువ. బొబ్బర్లంక దగ్గర మధ్యడెల్టా పెద్ద కాలువ మొదలవుతుంది. అక్కడినుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకులదాకా రోడ్డు కాలువను విడిచిపెట్టదు. బస్సులో కాలువవైపు సీటు దొరికితే అదృష్టం. దిగి నడిస్తే ఇంకా మంచిది.

పట్నంలో వున్నవాడికి యెండలు ముదిరాయన్న సంగతి వార్తల్లో తెలుస్తుంది. ఇక్కడ కాలువ చెబుతుంది. ప్రతి యేడూ దాళ్వా కోతలు వచ్చే సమయానికి, ఏప్రిల్ నెలలో, కాలువలు కట్టివేస్తారు. పూడిక తియ్యాలి, తూములు బాగుచెయ్యాలి, లాకుల తలుపులకు మరమ్మతులు చెయ్యాలి. తిరిగి జూన్‌లో గాని నీరు వదలరు. "ఈ యేడు ఎప్పుడు కడతారండి?" అన్న ప్రశ్న టీ దుకాణాల దగ్గర ఉగాది వెళ్లింది మొదలు వినబడుతూనే వుంటుంది. చేను ఇంకా పాలుపోసుకునే దశలో వున్నవాడు పది రోజులు ఆగమంటాడు. కోత కోసేసినవాడు ఇవాళే కట్టెయ్యమంటాడు. ఊళ్లోవాళ్లకు మాత్రం వేరే తొందర. కాలువ కట్టేలోగా మంచినీటి చెరువు గట్టుదాకా నిండాలి. రాబోయే నెలన్నరా ఆ చెరువే దిక్కు. వసంతం చివర ఈ ఊళ్లలో ఆకాశం చూసేవాళ్లెందరో, చెరువు మెట్లు లెక్కపెట్టేవాళ్లూ అందరే.

కట్టిన రెండో రోజుకో మూడో రోజుకో కాలువ అడుగు బయటపడుతుంది. రేవులో ఏడాదంతా నీళ్లకింద వుండే మెట్లు అప్పుడు కనబడతాయి. పై మెట్లు బట్టలు ఉతికి ఉతికి నున్నబడి వుంటే, అడుగు మెట్లు నాచుపట్టి, కట్టినవాడు నిన్ననే వదిలిపెట్టినట్టు పదునైన అంచులతో వుంటాయి. వాటి పక్కన, యెవరి చేతినుంచో జారిపోయిన చెంబు, కొబ్బరి చిప్పలు, కిందటి వినాయక చవితినాటి విగ్రహాల వెదురు చట్రాలు. అక్కడక్కడ మిగిలిన గుంటల్లో పిల్లలు చేపలు పడుతుంటారు. కొంగలు వాళ్లకు నాలుగడుగుల దూరంలో నిలబడి తమ వంతుకోసం చూస్తుంటాయి. పిల్లలకు కొంగలంటే లక్ష్యం లేదు. కొంగలకు పిల్లలంటే అసలే లేదు.

గట్టుమీద కానుగచెట్లు కొత్త చిగురుతో మెరుస్తుంటాయి. వాటి పూలు చెట్టుమీద వుండగా యెవరూ చూడరు, అంత చిన్నవి. తెల్లవారేసరికి నేలమీద పరుచుకున్నప్పుడు గాని చెట్టు పూసిందని తెలియదు. కోకిల సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం, చూడబోతే కనబడదు, వినకుండా వుండలేము. మన పాటల్లో కోయిలమ్మ అంటాము గాని, గొంతెత్తి పిలిచేది మగపక్షి. ఆడదాని కూత కీచుగా, గబగబా వుంటుంది. దానిమీద పాట కట్టే ధైర్యం యెవరికీ చాలలేదు కాబోలు. కాకులు గూళ్లు కట్టే కాలం కూడా ఇదే గనుక, నిద్రగన్నేరు కొమ్మల్లో ఆ రెండు జాతులకూ రోజంతా తగవు నడుస్తూనే వుంటుంది.

ఆత్రేయపురం అనగానే అందరికీ పూతరేకులు గుర్తుకొస్తాయి. నా మటుకు ఈ రోజుల్లో చూడవలసింది మామిడి తాండ్ర. రసం తీసి, వడకట్టి, తీపి కలిపి, చాపలమీద పలచగా పరుస్తారు. అది ఎండిన తరువాత దానిమీద ఇంకొక పొర, మర్నాడు మరొకటి. ఎండ ఎన్నాళ్లు కాస్తే తాండ్ర అంత మందమవుతుంది. నిలువుగా కోసిన ముక్కను ఎండకు ఎదురుగా పట్టుకుంటే పొరలు తెలుస్తాయి. ఒక్కొక్క పొరా ఒక్కొక్క పగలు.

మొన్న నేను వెళ్లిననాడు మధ్యాహ్నం మూడు దాటాక వాయవ్యపు మూల మబ్బు లేచింది. చల్లగాలి కొట్టింది. బస్సులో అంతదాకా చేతిరుమాళ్లతో విసురుకుంటున్న వాళ్లందరికీ ప్రాణం లేచి వచ్చింది. "హమ్మయ్య, ఓ జల్లు పడితే బాగుండును," అన్నారెవరో. అదే గాలికి రోడ్డు పక్క పెరట్లో ఆడవాళ్లు నలుగురూ పరుగులు తీస్తున్నారు. బస్సు దిగి దగ్గరికి వెళ్లాను.

"వాన వస్తుందంటారా, అమ్మా?"

"రాకూడదండి," అన్నదావిడ, చాప కొస పట్టుకునే. "ఇది ఐదో పొరండి. తడిసిందంటే కింది నాలుగూ పోతాయండి. కాస్త ఆ రాయి ఇటు జరపండి, మేష్టారూ."

నేను మేష్టరునని ఆవిడకెలా తెలిసిందో! రాయి జరిపాను. పట్టా కొస లేవకుండా ఇటుకలు కూడా పెట్టాము. రోడ్డుకు అవతల ఇంకా పెద్ద హడావిడిగా వుంది. దాళ్వా ధాన్యం ఆరబోసి వున్నది అక్కడ. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తుంది; అందుకే రైతులు రోడ్లమీద ధాన్యం పోసి, కాళ్లతో చాళ్లు తీస్తూ రెండు మూడు రోజులు ఎండకు కాపలా కాస్తారు. మొగుడూ పెళ్లామూ చెరొక వైపునుంచీ ధాన్యం పోగుచేస్తుంటే, ఏడెనిమిదేళ్ల కుర్రవాడు పట్టామీద పడుకుని తన బరువుతో దాన్ని ఆపుతున్నాడు. వాడికది ఆటలాగే వుంది.

ఉరిమింది. నాలుగు చినుకులు పడ్డాయి; లెక్కపెట్టదగినన్నే. దుమ్ములోంచి వచ్చే ఆ వాసన వచ్చింది. కానుగపూలు మరికాసిని రాలాయి. మబ్బు మరోవైపు జరిగిపోయింది. ఐదున్నరకల్లా మళ్లీ ఎండ. మళ్లీ పట్టాలు తీయడం. ఆవిడ తాండ్ర అంచు వేలితో తాకి చూసి, కూతురివైపు తిరిగి తల ఊపింది.

పొద్దు వాలే వేళకు లొల్ల చేరాను. పెద్ద కాలువ అక్కడ చీలి అమలాపురం కాలువ, గన్నవరం కాలువ అయి కోనసీమలోకి పోతుంది. నీటి హోరు లేని లాకుల దగ్గర మాటలు కూడా గట్టిగా వినబడతాయి. లస్కరు ఒకతను గేటు మరలకు గ్రీజు పూస్తున్నాడు. జూన్‌లో మొదటి నీరు ఎలా వస్తుందని అడిగాను.

"వరదలాగ రాదండి. దూడ నడిచినట్టు వస్తుందండి. ముందు ఎండుటాకులు, నురగ, చెత్త, వెనకాల నీళ్లు. పిల్లలు దానికంటె ముందు కాలువలో నడుచుకుంటూ వస్తారండి. ఆళ్లని గట్టెక్కించడమే మా పనండి."