దోషవిచారం మొదట

చాలా రోజులకు వ్రాస్తున్నాను. ఈసారి టపా ఛందస్సు మీద కాదు, ఇంటి కప్పు మీద. తెలుగు పండితునికి రేకుల గొడవ ఎందుకని మీరు నవ్వవచ్చు. చివరిదాకా చదివిన తరువాత నవ్వండి.

మా గోదావరిఖనిలో కోతుల బాధ తెలియని ఇల్లు లేదు. కిందటి వేసవిలో ఒక మంద మా వెనుక వసారా మీద దూకి రెండు సిమెంటు రేకులు పగులగొట్టింది. 1986లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొదటి బకాయిల డబ్బుతో వేయించుకున్న రేకులవి. వాటి కింద ఇద్దరు పిల్లలు పెరిగారు. ట్యూషనుకు వచ్చిన బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు లెక్క లేదు.

మరమ్మతుకు వచ్చినవాడు నా పాత శిష్యుడే. పైకి చూసి, “ఏం ఫికరు లేదు సారూ. రెండు సుత్తె దెబ్బలేస్తే పొడిపొడైతది. ఆ ముక్కలు వాకిట్ల గుంతల పోసి తొక్కుదాం” అన్నాడు. సరే నాయనా అనబోయాను. ఇంతలో లోపలినుంచి మా చిన్నమ్మాయి పరుగున వచ్చింది. ఆమె హైదరాబాదులో పదార్థవిజ్ఞానంలో పరిశోధన చేస్తున్నది. “నాన్నా, దాన్ని కొట్టనివ్వకండి!” అన్నది. ఆ గొంతులోని కంగారు నాకు కొత్త.

మనం సిమెంటు రేకు అంటున్నదానిలో నూటికి పది పాళ్లకు లోబడి రాతినార ఉంటుంది. రాతినార అంటే ఆస్‌బెస్టాస్. నిప్పుకు కాలదు, నీటికి చివకదు, పురుగు పట్టదు. గ్రీకు భాషలో ఆ పేరుకు ఆరనిది అని అర్థమట. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నార సిమెంటులో బంధింపబడి ఉంటుంది, భయం తక్కువ. కోసినా, బెజ్జం వేసినా, పగులగొట్టినా కంటికి కనిపించని పోగులు గాలిలోకి లేస్తాయి. ఊపిరితిత్తులలోకి పోయిన పొడుగాటి పోగును శరీరం కరిగించలేదు, బయటికి తోయనూ లేదు. రోగం బయటపడడానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు పట్టవచ్చు.

ఇది వింటున్నప్పుడు నాకు నా ఇల్లు గుర్తుకు రాలేదు. 1988 గుర్తుకు వచ్చింది. అప్పుడు నేను పనిచేసిన బడిలో పాత సైకిళ్ల షెడ్డు విప్పితే ఒక కుప్ప రేకులు మిగిలాయి. వాలీబాల్ కోర్టు పక్క గుంత పూడ్చాలి. ఎనిమిదవ తరగతి పిల్లలను వరుసగా నిలబెట్టి, ఆ రేకులను రాళ్లతో కొట్టించి గుంతలో పోయించినవాణ్ణి నేనే. వారికది సంబరం. తెల్లని ధూళి లేచి జుట్టంతా కప్పితే ఒకరినొకరు చూసి ముసలివాళ్లమైపోయామని నవ్వుకున్నారు. శ్రమదానం మీద ఆ పూట నేను ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ పిల్లలకు ఇప్పుడు యాభై ఏళ్లు.

“ఒక్క పూట ధూళికి ముప్పు చాలా తక్కువ నాన్నా, రోజూ అందులో పనిచేసేవారి మాట వేరు” అని అమ్మాయి ఓదార్చింది. తక్కువ అన్నది కాని లేదు అనలేదు. ఆ రెండు మాటల తేడా తెలియనివాడు పండితుడు కాడు.

నాకు తెలియదు, నిజమే. లోకానికి తెలియకపోయిందా అని విచారిస్తే సిగ్గు వేసింది. ఈ ధూళి కణాలు గాజుపెంకుల వలె వాడిగా ఉన్నాయని 1898లోనే బ్రిటిషు కర్మాగారాల తనిఖీ అధికారిణి లూసీ డీన్ నివేదికలో వ్రాసింది. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే వైద్యుడు, అతని సహచరులు, ఊపిరితిత్తుల పొరకు వచ్చే అరుదైన కాన్సరుకూ రాతినార గనుల ప్రాంతానికీ ఉన్న సంబంధాన్ని ప్రకటించారు. 1995లో మన సుప్రీంకోర్టు, రాతినార పరిశ్రమలలోని ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలను పనిలో చేరిన నాటినుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించింది. ఐరోపా సమాఖ్య 2005లో దానిని మానుకున్నది. మన దేశంలో తెల్ల రాతినార రేకులు ఇంకా తయారవుతూనే ఉన్నాయి.

ఈ తేదీలన్నీ వస్తువు వాడుకలోకి వచ్చిన తరువాత వేసిన ప్రశ్నలవి. ఇళ్లమీదికి ఎక్కించకముందు వేసిన ప్రశ్నలు మూడే: కాలుతుందా? కారుతుందా? ఎంతకు వస్తుంది? పగిలితే ఏమవుతుంది, ఎవరు పగులగొడతారు అన్న ప్రశ్న రేకును రూపొందించినవారి బల్లమీదికి రాలేదు.

అమ్మాయి చేస్తున్న పని సరిగ్గా ఆ బల్ల దగ్గరిదే. వెంట్రుకకంటె వేల రెట్లు సన్నని కర్బన నానో నాళికలు ఉన్నాయట. ఉక్కును మించిన బలం, దూదిని తలపించే తేలిక. విమానాలకూ బ్యాటరీలకూ పనికివస్తాయి. 2008లో ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులు వీటిని ఎలుకల పొట్టలో ప్రవేశపెట్టి చూశారు. నిటారుగా పొడుగ్గా ఉన్న నాళికలు రాతినార చేసిన హానివంటిదే చేశాయి. పొట్టివి, ఉండచుట్టుకున్నవి చేయలేదు. కర్బనం ఒకటే, ఆకృతిలోనే తేడా. “అంటే నాన్నా, ఏ పొడుగు చేయాలన్నది మేమే నిర్ణయిస్తాం కదా, ముప్పును కూడా మేమే నిర్ణయిస్తున్నట్టు” అన్నది.

ఇందుకు ఇప్పుడొక క్రమమే ఏర్పడింది. 2022 డిసెంబరులో ఐరోపా కమిషను ఒక సిఫారసు చేసింది. రసాయనాన్నిగాని కొత్త పదార్థాన్నిగాని రూపొందించే దశలోనే, మొదట దాని స్వభావసిద్ధమైన హాని చూడాలి. తరువాత దానిని తయారుచేసేవారికి, ఆ పిమ్మట వాడేవారికి ఉండే ముప్పు చూడాలి. అటుపైన పుట్టుకనుంచి పారవేతదాకా నేలమీద, నీటిమీద, గాలిమీద పడే భారం చూడాలి.

ఈ వరుస వినగానే నాకు మమ్మటుడు గుర్తుకు వచ్చాడు. ‘కావ్యప్రకాశం’లో కావ్యలక్షణం చెబుతూ ఆయన మొదట దోషం లేకపోవడాన్ని అడిగాడు, తరువాత గుణాన్ని. అలంకారం ఒక్కొక్కచోట లేకున్నా సరిపెట్టుకుందామన్నాడు. ముప్పైమూడేళ్లు పిల్లలకు ఇది వల్లె వేయించాను. రేకు కొనేటప్పుడు మాత్రం గుణం చూశాను, ధర చూశాను, దోషం అడగలేదు. పైగా కావ్యదోషానికి లేని చిక్కు ఇక్కడొకటి ఉన్నది. రాతినారకు నశించకపోవడమే గుణం. ఊపిరితిత్తిలో పడ్డాక ఆ నశించకపోవడమే దోషం.

ఈ ప్రశ్న పట్టుకొని చూస్తే పాత రేకుతోనే కథ ముగియదు. మా పక్కనే రామగుండం ఎన్.టి.పి.సి. జలాశయం మీద 500 ఎకరాలలో సౌరఫలకాలు తేలుతున్నాయి. 2022 జూలై 1 నాటికి 100 మెగావాట్లూ పూర్తయ్యాయి. నలభై విభాగాలు, ఒక్కొక్కదానిలో 11,200 ఫలకాలు. అవి పాలిథీను తెప్పల మీద ఉంటాయి, అతి బలమైన పాలిథీను తాళ్లతో జలాశయం అడుగున బరువులకు కట్టబడి ఉంటాయి. బొగ్గు తవ్విన ఊరిలో ఎండనుంచి కరెంటు తీయడం చూసి గర్వపడినవారిలో నేనూ ఒకణ్ణి. నేను దానికి వ్యతిరేకిని కాను.

కాని సౌరఫలకాన్ని పాతికేళ్లు ఎండకూ వానకూ కాచే జిగురుపొరే, పాతికేళ్ల తరువాత గాజునూ సిలికానునూ వెండినీ విడదీయడాన్ని కష్టం చేస్తుంది. సాధారణంగా అతుకులలో కొంత సీసం కూడా ఉంటుంది. మళ్లీ గుణమే దోషం. 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు ఫలకాలను చేర్చుకున్నాయి. 2034-35 వరకు వచ్చే ఫలకాల వ్యర్థాన్ని ఉత్పత్తిదారులు నిలువచేసి ఉంచాలన్నాయి. రాతినారకంటె ఇది ఎంతో మేలు. అయినా సులభంగా విడిపోయే ఫలకాన్ని మొదటే రూపొందించగలిగితే, నిలువచేసే బాధ తగ్గేది కదా!

ఇక మా వసారా సంగతి. శిష్యుడు మొదట నవ్వాడు, తరువాత శ్రద్ధగానే విన్నాడు. ముక్కుకు మంచి మాస్కు కట్టించాం. రేకులను నీటితో తడిపి, మేకులను కోసి, పగిలిన వాటిని నెమ్మదిగా దించాం. మందపాటి పాలిథీనులో చుట్టి టేపు వేశాం. ఆ పైన తెలిసిన చిక్కు: తీసుకొని పొమ్మంటే తీసుకునేవారు ఎవరూ దొరకలేదు. నాలుగు ఫోన్లు చేశాను. చెత్తబండి అబ్బాయి, “గుంతల పడేయుండ్రి సారూ” అన్నాడు. ఆ మూట ఇప్పటికీ మా ప్రహరీగోడ పక్కనే ఉన్నది. మీద నా చేతివ్రాతతో ‘పగులగొట్టరాదు’ అని వ్రాసి పెట్టాను.

ఆ ఎనిమిదవ తరగతి పిల్లలలో ఐదుగురి నంబర్లు నా దగ్గర ఉన్నాయి. ముగ్గురికి చెప్పాను: దగ్గు ఎడతెగకుండా ఉంటే వైద్యునికి ఈ సంగతి కూడా చెప్పండి, పొగ త్రాగుతుంటే మానండి అని. ఒకడు, “గా ముచ్చట ఇంకా యాదికున్నదా సారూ!” అని నవ్వాడు. మిగిలిన ఇద్దరికి ఈ వారం చేస్తాను.

మీ ఇంటిమీద పాత రేకులుంటే కంగారుపడి కదిలించకండి. కదిలించక తప్పకపోతే పగులగొట్టకండి. మీ పిల్లలెవరైనా కొత్త పదార్థాలు చేసే పనిలో ఉంటే, ఒక్కమాట నా తరఫున అడగండి: పొడి అయితే ఏమవుతుంది?