ముగ్గురికి ఒక్క కంప్యూటరు
ఐ.సి.పి.సి. ప్రోగ్రామింగ్ పోటీలో జట్టుకు ముగ్గురు, కంప్యూటరు ఒక్కటే, గడువు 5 గంటలు. ఎక్కువ లెక్కలు తేల్చినవాళ్ళే పైన. సమానమైతే కాలం చూస్తారు. తేలిన లెక్కకు అంతకుముందు పంపిన ఒక్కో తప్పు జవాబుకూ 20 నిమిషాలు కలుపుతారు.

మొన్న కరీంనగర్‌లో ఈ పద్ధతినే సాధన చేశాం. తేలిక లెక్కేనని నేను కీబోర్డు వదల్లేదు. నాలుగుసార్లు పంపితే నాలుగుసార్లూ తప్పే! ఎక్కడ తప్పో యంత్రం చెప్పదు గదా. పక్కన మిత్రుడు తన ప్రోగ్రాము కాగితంమీద రాసుకొని గంటసేపు కూర్చున్నాడు. ఉమ్మడి బావిమీద మోటరు వంతు కాస్త మీరినా మా బాపు పాలోళ్ళతో కొట్లాడతాడు. ఆ బాపు కొడుకును నేను!

"ఇగ లేవరాదుర" అన్నాడు చివరికి. లేచాను. వాడి లెక్క మొదటిసారే ఒప్పయింది. దూరంగా కూర్చున్నాకే నాకు తట్టింది: సుమారు 214 కోట్లు దాటిన సంఖ్య 32 బిట్ల 'ఇంట్'లో పట్టదు. 'లాంగ్ లాంగ్' అని మార్చాను. ఒప్పయింది, 80 నిమిషాలు ముగ్గురి నెత్తినా పడ్డాయి.