లాట్వియా దేశపు మంచిమాట

ఐరోపా ఖండమున బాల్టికు సముద్రతీరమందు లాట్వియా యను చిన్నదేశము కలదు. దౌగవ నది యొడ్డున వెలసిన రీగా నగరము దాని రాజధాని. ఆ నగరమున తెల్లవారగనే ఒకరినొకరు "లబ్‌రీత్" అని పలుకరించుకొందురు. పగలు "లబ్‌దియెన్" అనియు, సాయంకాలమున "లబ్‌వకర్" అనియు నందురు. వీనియన్నిటను ముందు నిలిచిన "లబ్" అనునది మంచి యను నర్థముగల విశేషణము. సంస్కృతమునందువలె నిదియు లింగము ననుసరించి మారును. మంచివాడు "లబ్స్", మంచిది "లబ".

రాత్రి సెలవు గైకొనునప్పుడు "అర్ లబు నక్తి" అందురు. కార్తికమాసమున నక్తములుండు మనకు ఆ కడపటి మాట పరాయిది గాదు. లాట్వియను భాషకును సంస్కృతమునకును మూలమొక్కటియే.

ఇక రీగా సంతకు పోవుదము. 1930వ సంవత్సరమున తెరచిన యీ సంతలోని పెద్దచావళ్లకు జర్మనుల యుద్ధపు ఆకాశనౌకల కొట్టములనుండి తెచ్చిన భాగములను వాడిరి. యుద్ధమునకై చేసినది రొట్టెల యంగళ్లకు నీడయైనది. ఆ రొట్టెలకు మూలమైన ధాన్యమును వారు "లబీబ" అందురు. అదియు "లబ్" నుండి పుట్టినదే. దారి యడిగినచో "ప లబి" యందురు. కుడివైపునకు అని భావము. వారికి మంచిచేయియే కుడిచేయి. మన దక్షిణ శబ్దమునకును కుడి, నేర్పరి యను రెండర్థములు గలవు గదా!

"కుశలమా?" యన్నచో "లబి" యని బదులిత్తురు. చెడినదానిని సరిచేయుట "లబువోత్". మనమును బాగున్నామందుము, చిరిగినదానిని బాగుచేయుదుము. ఎంత దూరమున నెంత పోలిక!

ఈ భాష మాతృభాషగా గలవారు ఇరువది లక్షలకు లోపే. వారు 1918లో స్వాతంత్ర్యమును ప్రకటించుకొని, 1940లో సోవియట్ల పాలై, 1991లో మరల స్వతంత్రులైరి. ప్రభువులు మారినను, పొలమున ధాన్యమునకును, వీధిలో పలుకరింపునకును, ఇంట పాతబట్ట కుట్టుటకును "లబ్" అక్కరకు వచ్చుచునే యుండెను. భాష కిట్టి నిత్యోపయోగమే ప్రాణము. పుస్తకములలో మాత్రమే మిగిలిన మాట బిడ్డల నోటికి రాదు. కావున సోదరీమణులారా! చినిగిన పలకసంచిని బిడ్డచేతనే బాగుచేయించుచు "బాగు" అను మాటను నేర్పుడు. అది వాని నోట నిలుచును, చేతియందును నిలుచును.