అమ్మ వెనక సీట్లో.. నాన్న స్టీరింగ్ ముందు!

హైబ్రిడ్ కారు కొంటున్నామని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘లీటరుకు ఎంతిస్తుంది?’ రెండోది ‘బ్యాటరీ పోతే ఎంతవుతుంది?’ మా ఇంట్లో మాత్రం ప్రశ్న వేరు. అమ్మ ఆ కారులో విజయవాడ దాకా కూర్చోగలదా?

అమ్మకు మెడనొప్పి. దానికి తోడు కారెక్కితే కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చుని, చౌటుప్పల్ రాకముందే ‘ఒక్క నిమిషం ఆపరా’ అంటుంది. అందుకే విజయవాడలో ఉండే పెద్దమ్మను చూసి రెండేళ్లయింది. నాన్నది ఇంకో కథ. అరవై నాలుగేళ్లు. నెలకు రెండుసార్లు కోదాడ దగ్గరి పొలానికి ఒక్కరే నడుపుకుంటూ వెళ్తారు. చీకటి పడ్డాక తిరిగి బయల్దేరతారు. డ్రైవర్‌ను పెట్టుకోండి అంటే వినరు. అంటే మాకు కావాల్సిన కారు వెనక సీట్లో ఉన్నవాళ్లను కుదపకూడదు, ముందు సీట్లో ఉన్నవాళ్లను అలసిపోనివ్వకూడదు.

ముందు.. ఏది హైబ్రిడ్?

పేరులో హైబ్రిడ్ ఉన్నవన్నీ ఒకటి కాదు. 2015లో మారుతీ సియాజ్‌లో వచ్చింది మైల్డ్ హైబ్రిడ్. అందులో మోటార్ ఇంజిన్‌కు కాస్త సాయం పడుతుందంతే, ఒంటరిగా కారును లాగలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మోటారే చక్రాలను తిప్పగలదు. చార్జింగ్ పెట్టక్కర్లేదు, బ్రేక్ వేసినప్పుడు, ఇంజిన్ తిరిగినప్పుడు బ్యాటరీ తనంతట తానే నిండుతుంది.

సెడాన్‌లలో అలాంటివి కొందామంటే మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2022లో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్, టయోటా క్యామ్రీ, ఆ పైన లెక్సస్ ఈఎస్. కొత్త క్యామ్రీ 2024 డిసెంబర్‌లో రూ.48 లక్షల ఎక్స్‌షోరూం ధరతో విడుదలైంది. మా బడ్జెట్ సిటీ దగ్గరే ఆగిపోతుంది. అయినా క్యామ్రీ టెస్ట్ డ్రైవ్ కూడా చేశాను. కొనలేని కారు ఎందుకు అంటారా? ఏ సుఖం హైబ్రిడ్ వల్ల వచ్చిందో, ఏది డబ్బు వల్ల వచ్చిందో తెలియాలంటే రెండూ ఎక్కి చూడాల్సిందే.

వెనక సీటు చెప్పిన తీర్పు

బాబాయి కొడుకు దగ్గర సిటీ హైబ్రిడ్ ఉంది. ఓ ఆదివారం అడిగి తీసుకున్నాం. అమ్మ వెనక కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మామూలుగానే ఆగి ఆగి ప్రయాణం. సిగ్నల్ దగ్గర ఆగితే అమ్మ ‘బండి ఆగిపోయిందేంట్రా?’ అని కంగారు పడింది. ఆగిపోలేదు, ఇంజిన్ నిద్రపోయిందంతే.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ట్రాఫిక్‌లో ఈ కారును ఎక్కువగా మోటారే నడుపుతుంది. ఇంజిన్ ఆన్ అయినా దాని పని కరెంటు తయారు చేయడమే. హైవే వేగం అందుకున్నాకే అది నేరుగా చక్రాలతో కలుస్తుంది. మామూలు కార్లలో ఉండే గేర్‌బాక్స్ ఇందులో లేదు. గేరు మారినప్పుడల్లా వచ్చే ఆ చిన్న కుదుపు కూడా లేదు. కడుపులో తిప్పేవాళ్లకు ఆ కుదుపుల వరసే పెద్ద శత్రువు. ఆ రోజు సూర్యాపేటలో ఆగింది అమ్మ అడిగినందుకు కాదు, మాకు టీ తాగాలనిపించి!

అలాగని అంతా బాగుందని కాదు. సీటు కిందకు ఉంటుంది, పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది. ఎక్కేటప్పుడు అమ్మ తల వంచాలి, మెడ కలుక్కుమంటుంది. హైబ్రిడ్ అయినా కాకపోయినా సెడాన్‌తో ఇది తప్పదు. ఓవర్‌టేక్ కోసం గట్టిగా తొక్కితే అప్పటిదాకా మౌనంగా ఉన్న ఇంజిన్ ఒక్కసారిగా గొంతెత్తుతుంది. ఇక గతుకులు.. వాటిని మింగే పని సస్పెన్షన్‌ది, బ్యాటరీ ఏమీ చేయలేదు.

క్యామ్రీలో వెనక సీటు వెనక్కి వాలుతుంది. దాని బటన్లు ఆర్మ్‌రెస్ట్‌లోనే ఉంటాయి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం సిటీకి 2,600 మిల్లీమీటర్లయితే, క్యామ్రీకి 2,825. కాళ్లు చాపుకోవచ్చు. ఆ వాలే సీటు, ఆ చోటు డబ్బు తెచ్చినవి. ట్రాఫిక్‌లో ఆ నిశ్శబ్దం, కుదుపు లేకపోవడం మాత్రం రెండింట్లోనూ ఉన్నాయి. అవే హైబ్రిడ్ తెచ్చినవి.

స్టీరింగ్ నాన్న చేతిలో..

తిరుగు ప్రయాణంలో నాన్న నడిపారు. మోటార్ బలం 253 ఎన్‌ఎం. తొక్కగానే ఆలస్యం లేకుండా అందుతుంది. ‘లారీని దాటేటప్పుడు రెండుసార్లు ఆలోచించక్కర్లేదు’ అన్నారు. బ్యాటరీ, మోటార్ల వల్ల పెట్రోల్ సిటీ కంటే వంద కిలోలకు పైగా బరువు ఎక్కువ. వంపుల్లో అది తెలియలేదు గానీ బ్రేక్ దగ్గర తెలిసింది. పెడల్ నొక్కగానే ముందు మోటార్ వేగాన్ని కరెంటుగా మారుస్తుంది, తర్వాత అసలు బ్రేకులు అందుకుంటాయి. అలవాటు పడటానికి నాన్నకు ఓ అరగంట పట్టింది. కాలు తీస్తే కారు ఎంత గట్టిగా నెమ్మదించాలో స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్స్‌తో మార్చుకోవచ్చు. అది అర్థమయ్యాక టోల్‌గేట్ల దగ్గర బ్రేక్ మీద కాలు పెట్టడమే తగ్గించేశారు.

నష్టం ఎక్కడంటే డిక్కీలో. పెట్రోల్ సిటీలో 506 లీటర్ల చోటు ఉంటే హైబ్రిడ్‌లో 306. పొలం నుంచి బియ్యం బస్తా, మామిడికాయలు, అమ్మ పచ్చడి జాడీలు.. ఏదో ఒకటి ఒళ్లో పెట్టుకోవాల్సిందే. క్యామ్రీలో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది కాబట్టి డిక్కీని తినదు. కానీ 4.9 మీటర్ల పైచిలుకు ఆ కారును మా గల్లీలో తిప్పడం కంటే ఊళ్లో ఎడ్లబండి తిప్పడం తేలిక!

సేఫ్టీ.. ఎంత నమ్మాలి?

సిటీ హైబ్రిడ్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉన్నాయి. కొత్త క్యామ్రీలో ఎయిర్‌బ్యాగులు తొమ్మిది. రెండింట్లోనూ అడాస్ ఉంది. అంటే ముందు బండికి మరీ దగ్గరైతే హెచ్చరించి బ్రేక్ వేయడం, గీత దాటితే స్టీరింగ్‌ను సర్దడం, ఎదుటి బండిని చూసి హైబీమ్ తగ్గించడం లాంటివి. సిటీ కెమెరాతో చూస్తుంది, క్యామ్రీ కెమెరాతో పాటు రాడార్‌తోనూ చూస్తుంది.

హైవేపై గీతలు శుభ్రంగా ఉన్నచోట లేన్ అసిస్ట్ బాగానే పనిచేసింది. కోదాడ దాటి మా ఊరి దారి పడితే గీతే ఉండదు, అదేం చూస్తుంది? క్రూయిజ్ పెట్టి ముందు కారుకు దూరం పాటిస్తుంటే ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరతారు, కారు నెమ్మదిస్తుంది, నాన్న విసుక్కుంటారు. ఆయనకు బాగా నచ్చింది చిన్న విషయం. ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ అద్దం కింది కెమెరా దృశ్యం తెరపైకి వస్తుంది. పక్క నుంచి దూసుకొచ్చే బైకులు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. 2023 మార్చి నుంచి పెట్రోల్ సిటీలోనూ అడాస్ ఇస్తున్నారు. కాబట్టి కేవలం దానికోసం హైబ్రిడ్‌కు ఎక్కువ పెట్టక్కర్లేదు. మైలేజ్ కోసమా? కంపెనీ లెక్కే తీసుకుందాం. విడుదలైనప్పుడు హైబ్రిడ్‌కు 26.5, పెట్రోల్ ఆటోమేటిక్‌కు 18.4 అని చెప్పారు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 16-17 లీటర్లు. లీటరు రూ.107 చొప్పున వేసుకున్నా నెలకు రూ.1,800 లోపే. ధరలో తేడా మాత్రం లక్షల్లో ఉంటుంది. తక్కువ తిరిగేవాళ్లకు అది తిరిగి రావాలంటే ఏళ్లు పడుతుంది.

మరి దేనికోసం కొనాలి? నా లెక్కలో అలసట తగ్గడం కోసం. కుదుపు లేకపోవడం సౌకర్యం, వెంటనే లాగడం హ్యాండ్లింగ్, బ్రేక్ అందుకోవడం సేఫ్టీ అని బ్రోషర్‌లో మూడు పేజీల్లో వేస్తారు గానీ మూడూ ఒకటే. మూడు వందల కిలోమీటర్లు నడిపాక కూడా తేరుకుని ఉన్న డ్రైవర్‌ను మించిన సేఫ్టీ ఫీచర్ లేదు. మేం సిటీ హైబ్రిడ్ బుక్ చేసింది అందుకే. మీరు చూడబోతే షోరూం చుట్టూ రెండు కిలోమీటర్లు తిరిగి వచ్చేయకండి. ఇంట్లో పెద్దవాళ్లను వెనక కూర్చోబెట్టండి, స్పీడ్ బ్రేకర్లు ఉన్న దారి అడగండి, సామాను తీసుకెళ్లి డిక్కీలో పెట్టి చూడండి.

బుక్ చేసిన సాయంత్రం నాన్న హుషారుగా ‘ఇక చీకటి పడ్డా భయం లేదు, అదే బ్రేకేస్తుంది’ అన్నారు. నాకు ఆ మాటే భయమేసింది. లైట్లు లేని ట్రాక్టర్, డివైడర్ దూకే గేదె.. కెమెరా ప్రతిసారీ పట్టుకుంటుందని ఎవరూ రాసివ్వరు. ఆ రాత్రి అన్నాల దగ్గర గంటసేపు వాదన నడిచింది. చివరికి ఒప్పందం కుదిరింది. పొలం నుంచి మధ్యాహ్నం మూడింటికల్లా బయల్దేరాలి. వెనక సీట్లో బెల్టు పెట్టుకుంటే చీర నలుగుతుందని అమ్మ గొణిగింది. ‘నలగనీ’ అన్నారు నాన్న.