వింత భాషకొక నిఘంటువు

పొన్నెగంటి తెలగన పదహారవ శతాబ్దంలో యయాతి చరిత్రను అచ్చతెలుగులో రచించాడు. సంస్కృత పదం దొర్లరాదన్నది ఆయన తనకు తానుగా విధించుకున్న నియమం. అలవాటైన మాటల గాదెకు తాళం వేసుకున్నవాడికి మరొక గాదె కావాలి. అటువంటి కవుల అవసరం తీర్చేదే పైడిపాటి లక్ష్మణకవి పద్యాలలో కూర్చిన నిఘంటువు, ఆంధ్రనామసంగ్రహము.

కంప్యూటరు భాషలలోనూ ఇటువంటి పంతపు భాషలున్నాయి. వాటికి పెద్దక్క ఇంటర్‌కాల్. 1972లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో డాన్ వుడ్స్, జేమ్స్ లయన్ అనే ఇద్దరు విద్యార్థులు, మరే భాషతోనూ పోలిక ఉండకూడదన్న సంకల్పంతో దీనిని సృష్టించారు. ఫలితంగా ఇందులో కూడిక గుర్తు లేదు, తీసివేత గుర్తూ లేదు. రెండు సంఖ్యల బిట్లను జడలా అల్లడం, ఒకదానిలోని బిట్లను మరొకదాని ప్రకారం ఏరుకోవడం, పక్కపక్క బిట్లను తమలో తామే కలిపే మూడు ప్రక్రియలు - ఇంతే సరంజామా. పైగా ఆజ్ఞలకు ముందు తగినన్నిసార్లు 'ప్లీజ్' అనకపోతే అమర్యాద అంటూ కంపైలరు ప్రోగ్రామును తిరస్కరిస్తుంది. మరీ ఎక్కువసార్లు అన్నా కాకాపట్టడమని తిరస్కరిస్తుంది!

ఈ భాషలో రెండూ రెండూ కలపడం ఎలా? ఇక్కడే లైబ్రరీ ప్రవేశిస్తుంది. 1000 నుంచి 1999 వరకు లేబుళ్ళను దానికి కేటాయించారు. 1000కి వెళితే కూడిక, 1010లో తీసివేత, 1030లో గుణకారం, 1040లో భాగహారం. సున్నాతో భాగిస్తే గొడవేమీ లేదు, జవాబుగా సున్నా వస్తుంది. మనం ఇతర భాషలలో పుట్టుకతోనే ఉన్నాయనుకునే నాలుగు ప్రక్రియలు ఇక్కడ పుస్తకాల అరలోంచి తెచ్చుకోవలసిన వస్తువులు.

ఈ అరను సర్దిన తీరు నాకు బాగా నచ్చింది. కూడికకే రెండు ద్వారాలున్నాయి. జవాబు 16 బిట్లలో పట్టకపోతే 1000 ప్రోగ్రామునే ఆపేస్తుంది. 1009 మాత్రం ఆపదు, పట్టిందో లేదో నాలుగవ చరరాశిలో ఒకటిగానో రెండుగానో రాసిపెట్టి ఊరుకుంటుంది. దోషం దొరికినప్పుడు కేకవేయాలా, చెవిలో చెప్పాలా అన్న తగవు లైబ్రరీలు రాసేవారిలో నేటికీ తెగలేదు. ఆ ఇద్దరు కుర్రవాళ్ళు రెండూ ఇచ్చి, నిర్ణయం వాడుకరికి వదిలేశారు. 1990లో ఎరిక్ రేమండ్ ఈ భాషను సీ-ఇంటర్‌కాల్‌గా పునరుద్ధరించాడు. ప్రోగ్రాము ఆ లేబుళ్ళను పిలిచి, వాటిని తానుగా నిర్వచించకపోతే, సీ-ఇంటర్‌కాల్ కంపైలరే లైబ్రరీని తెచ్చి జతచేస్తుంది.

సీ-ఇంటర్‌కాల్‌లో మనం అందించే సంఖ్యలోని అంకెలను మాటలలో చెప్పాలి. ఇంగ్లీషుతో పాటు సంస్కృతం, బాస్క్, తగాలోగ్ వంటి భాషలలోనూ చెప్పవచ్చు, అదీ రోమన్ లిపిలో. తెలుగు లేదు. అది చూసిన నాడే నా చిన్న లైబ్రరీకి అంకురం పడింది. అంకెలు చదివించడం కాదు, ఇంటర్‌కాల్ చేత తెలుగు రాయించాలి!

యూనికోడ్‌లో తెలుగుకు 128 గళ్ళున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కొక్క గడి మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224. గడి సంఖ్య 64 కంటె తక్కువైతే రెండవది 176, లేకపోతే 177. మిగిలినది మూడవ బైటులో. 'తెలుగు' అన్న మాటకు 36, 70, 50, 65, 23, 65 అని ఆరు గళ్ళు, 18 బైట్లు. గడి సంఖ్య ఇస్తే మూడు బైట్లనూ ముద్రించే సబ్‌రొటీను - 8000 అని సంఖ్య పెట్టాను - నా లైబ్రరీకి మూలస్తంభం.

చిక్కు ముద్రణలో ఉంది. ఈ భాష ప్రతి బైటునూ నేరుగా తీసుకోదు. బిట్లను తిరగేసి, క్రితం బైటుకూ దీనికీ ఉన్న తేడాను ఇమ్మంటుంది. క్రితం బైటు ఏమిటో ప్రోగ్రాము అడిగితే చెప్పదు. కనుక లైబ్రరీయే దానిని జ్ఞాపకం ఉంచుకోవాలి. చరరాశులన్నీ ఉమ్మడి ఆస్తి కాబట్టి ఆ జ్ఞాపకాన్ని ఎవరైనా తొక్కేయవచ్చు. తాత్కాలికంగా వాడుకునే చరరాశులకు 'స్టాష్', 'రిట్రీవ్' ఆజ్ఞలున్నాయి. పృచ్ఛకుడు అడ్డుతగిలినప్పుడు అవధాని పద్యపాదాన్ని ధారణలో దాచి, తిరిగి అందుకున్నట్టే ఇది. క్రితం బైటు మాత్రం పిలుపుకూ పిలుపుకూ నడుమ నిలవాలి. అందుకే అది ఉండే చరరాశి పేరును, దానిని ముట్టరాదన్న మాటను, ముద్రణంతా 8000 ద్వారానే జరగాలన్న షరతును మొదటి పంక్తులలోనే బాహాటంగా రాశాను. దాచిన వస్తువు ఎక్కడుందో చెప్పని లైబ్రరీ ఉచ్చుతో సమానం.

ఒక మిత్రుడు ప్రశ్నించారు: "ఇంత చేసినవారు పదం మొత్తం ఒక్క పిలుపుతో వచ్చేలా చేయరేం? కూడికకు మామూలు గుర్తు కూడా పెట్టేయండి, పీడా పోతుంది!" ఆ ప్రశ్న నన్ను కొన్నాళ్ళు వెంటాడింది. ప్రతి కష్టాన్నీ తీసేస్తే మిగిలేది మరొక మామూలు భాష. అసలేదీ తీయకపోతే ఎవరూ నాలుగు పంక్తులు రాయలేరు. మరి గీత ఎక్కడ?

నాకు తోచిన సమాధానం ఇది. నియమాలు రెండు రకాలు: మనం ఎంచుకున్నవి, మన నెత్తిన పడినవి. నిషిద్ధాక్షరిలో అవధాని తెలిసి ఒప్పుకున్న నిషేధం అతని విద్యకు వన్నె తెస్తుంది. కాని తెరమీద మన అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించిన రోజులలో మనం పడినది అటువంటి నిషేధం కాదు. దానిని మనం ఎంచుకోలేదు, దానిలో సొగసూ లేదు. కూడిక గుర్తు లేకపోవడం ఇంటర్‌కాల్ కోరి తెచ్చుకున్న వ్రతం, దాని జోలికి నేను పోను. తెలుగు రాయలేకపోవడం వ్రతం కాదు, ఎవరికీ ఆ ఆలోచన రాకపోవడం మాత్రమే. లైబ్రరీ పూడ్చవలసిన లోటు అదే.

అందుకే పదాలను ముద్రించే సబ్‌రొటీను రాయలేదు. గళ్ళు ఇచ్చాను, పేర్చుకోవడం వాడుకరి వంతు. నిఘంటువు పని మాటలివ్వడం వరకే, పద్యం కవిదే.